కెనాన్ 1500డీ కెమెరాకి 11,000లో ఏ లెన్స్ ముందు కొనాలి: 50 ఎంఎమ్మా, 55-250ఆ?

కందుకూరు_కుర్రోడు:
అందరికీ నమస్తే. మా పెదనాన్న కొడుకు హైదరాబాద్‌లో మిర్రర్‌లెస్ కొనుక్కుని తన పాత కెనాన్ 1500డీ నాకిచ్చేశాడు, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్ ఒకటే ఉంది. నా దగ్గర 11,000 ఉన్నాయి, మా మామ వాళ్ల పొగాకు బ్యారన్ (ఆకు వేడికి ఆరబెట్టే కొట్టం) కాడ నేను పనిచేసి దాచుకున్నవి. వచ్చే నెల మా చెల్లెలి ఓణీల ఫంక్షన్, ఇంటి ముందు షామియానా వేసి రాత్రిపూట చేస్తారు. తర్వాత చలికాలంలో నేలపట్టు పక్షుల కేంద్రానికి పోయి పక్షుల్ని తీయాలని ఎప్పట్నుంచో ఆశ. 50 ఎంఎం ఎఫ్1.8 ఎస్‌టీఎం కొత్తది కొనాలా, దూరంవి దగ్గరగా చూపే 55-250 ఎస్‌టీఎం సెకండ్ హ్యాండ్‌ది కొనాలా? షాపులోనేమో ఫిల్టరు, ట్రైపాడు, ఫ్లాషు అన్నీ ముందే కావాలంటున్నారు.

కావలి_ముహూర్తం:
50 కొను తమ్ముడూ, ఇంకో ఆలోచన పెట్టుకోబాక. నేను 14 ఏళ్లుగా ఫంక్షన్లు తీస్తుండా. షామియానా కింద ఎన్ని ట్యూబ్‌లైట్లు కట్టినా కెమెరాకి అది చీకటే. నీ కిట్ లెన్స్‌ని, అదే కెమెరాతో వచ్చిన 18-55ని, 50 కాడికి తిప్పితే ఎఫ్5.6 అయిపోద్ది, ఎఫ్ నంబరు ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటది, ఎఫ్1.8 అంటే దానికన్నా ఇంచుమించు పది రెట్లు వెలుతురు లోపలికొస్తది. అంటే కిట్ లెన్స్‌తో షట్టర్ 1/15 సెకను తెరిచి ఉండాల్సిన చోట దీంతో 1/125 పైనే వస్తది, 1/15లో మనిషి కదిలితే అంతే సంగతులు. నేను కెమెరా పట్టిన మొదటేడు బిట్రగుంట కాడ ఒక పెళ్లి ఒప్పుకున్నా, తెల్లారుజామున 3 గంటల ముహూర్తం, కిట్ లెన్స్ ఒకటే ఉండేది. తలంబ్రాలప్పుడు తీసినవి ఇంటికొచ్చి చూస్తే పెళ్లికొడుకు చెయ్యి మోచేతి నించి కిందికి లేదు, తెల్లగా ఒక చార, బియ్యమంతా గీతలు గీతలు, పెళ్లికూతురి మొహం రెండుగా ఉండాది. నలభై తీస్తే ఒక్కటి పనికిరాలా. వాళ్లు సగం డబ్బులే ఇచ్చినారు, మిగతాది అడగను నాకు నోరు రాలా.

పొదిలి_పొగాకు:
50కే నా ఓటు.

వేదాయపాళెం_మాస్టారు:
కావలి అన్నా, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉండాది, కానీ అబ్బాయి కాడ 50 ఇప్పటికే ఉంది గదా, ఆ 18-55 లోపలే. లేనిది 55 తర్వాతది. ఇంకోటి ఎవురూ చెప్పలా, 1500డీ సెన్సర్ చిన్నది, 1.6తో గుణించుకోవాల, 50 పెడితే 80 మాదిరి కనపడద్ది. మూడేళ్ల కింద నేను ఇట్టనే అడిగితే అందరూ 50, 50 అని ఒకటే చెప్పినారు, కొనుక్కున్నా, మా అమ్మ వరండాలో కుర్చీలో కూర్చుంటే నిలువెత్తు పడాలంటే నేను గేటు దాటి రోడ్డు మీదికి పోవాల్సొచ్చింది. ఓణీల ఫంక్షన్‌లో అమ్మాయి పక్కన మేనత్తలు, మేనమామలు పదిమంది నిలబడతారు, వాళ్లందర్నీ 50తో పట్టేదానికి షామియానాలో చోటు యాడుంది? ఆ లెన్స్ ఇప్పుడు మా బీరువాలో చీరల పక్కన ఉండాది.
నేలపట్టు సంగతి చెప్తా. జిల్లాలు విడదీసినాక నేలపట్టు ఉండే సూళ్లూరుపేట వైపు తిరుపతి కిందికి పోయింది గానీ నాకైతే అది మన నెల్లూరుదే. కట్ట మీద నించి చూస్తే నీళ్లలో కడప చెట్లు, వాటి మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకోని ఉంటాయి. 55తో తీస్తే చెట్టు మీద సున్నం చల్లినట్టు చుక్కలు, అంతే. 250తో అయితే పిల్ల వచ్చి తల్లి గొంతులోకి తల మొత్తం దూర్చి మేత తీసుకునేది పడద్ది, తల్లి ముక్కు మీది మచ్చలు లెక్కపెట్టుకోవచ్చు. పగలు ఎండలో ఎఫ్5.6 అయినా 1/1000 హాయిగా వస్తది. పులికాట్ సరస్సులో రాజహంసలకి (ఫ్లెమింగోలకి) మాత్రం 250 చాలదు, అవి చానా దూరంలో ఉంటాయి, ముందే చెప్తుండా.

ఒంగోలు_గిత్త:
ఏ లెన్స్ కొన్నా ముందు యూవీ ఫిల్టర్ వేయించుకో, లెన్స్ ముందు తగిలించే గాజు అది. పోయిన సంక్రాంతికి కొత్తపట్నం బీచ్‌లో తీస్తుంటే నీళ్ల తుంపర పడింది, మా బావమరిది చొక్కా కొసతో తుడిచాడు, ఇసుక ఉందని చూసుకోలా. గీత పడింది. ఫిల్టర్ మీద పడింది కాబట్టి బతికిపోయా.

కావలి_ముహూర్తం:
ఫంక్షన్‌కి ఫిల్టర్ వద్దు. సీరియల్ లైట్లు వెనకాల ఉంటే ఆ గాజు మీద తగిలి ఫొటోలో పచ్చ చుక్కలు పడతాయి, పెళ్లికూతురు మెడ మీద కూడా పడినాయి నాకు. సెన్సర్ ముందరే యూవీ ఆపే గాజు ఉంటది, దానికోసం ఇంకోటి అక్కర్లేదు. లెన్స్ ముందు గొట్టం మాదిరి తగిలించే హుడ్ పెట్టుకో, కింద పడినా దెబ్బ హుడ్‌కే తగలద్ది.

ఒంగోలు_గిత్త:
హుడ్ ఉప్పునీళ్లని ఆపుద్దా?

కావలి_ముహూర్తం:
ఓణీల ఫంక్షన్‌లో ఉప్పునీళ్లు యాడ్నించొస్తాయి?

ఒంగోలు_గిత్త:
ఆ అబ్బాయి ఎప్పుడూ బీచ్‌కి పోడా? అటు రామాయపట్నం, ఇటు కరేడు, కందుకూరు వాళ్లకి సముద్రం ఎంత దూరమని? నేను ఫంక్షన్ గురించి మాట్లాడలేదు, లెన్స్ గురించి మాట్లాడా. బీచ్‌లో తగిలించు, రాత్రి లైట్ల కింద తీసెయ్, తిప్పి తీయడానికి ఎంతసేపు? ఇంకో సంగతి తమ్ముడూ, సైజు చూసుకోకుండా కొనబాక. 50 ఎస్‌టీఎంకి 49 ఎంఎం ఫిల్టర్, నీ కిట్ లెన్స్‌కి 58. లెన్స్ ముందు అంచు మీద సున్నాకి అడ్డగీత పెట్టిన గుర్తు పక్కన రాసి ఉంటది. నాకు షాపులో 52 అంటగట్టారు, మళ్లీ బస్సెక్కి పోయి మార్చుకోవాల్సొచ్చింది.

మైపాడు_గాలి:
సెకండ్ హ్యాండ్ లెన్స్ అంటుండావు గాబట్టి చెప్తా. నేను చెన్నైలో ఒక షాపులో 55-250 కొన్నా, బయట మెరిసిపోతా ఉండాది. నెలకి ఎండలో తీసిన ఫొటోలన్నీ పొగమంచు పట్టినట్టు వస్తే అప్పుడు చూసినా. రెండు మూతలూ తీసి, వెనక నించి ఫోన్ టార్చి వేసి, ముందు నించి కొంచెం వంచి చూడు. లోపల సాలెపురుగు కాళ్ల మాదిరి సన్నటి పోగులు కనపడితే అది బూజు, డబ్బులిచ్చినా వద్దు. దుమ్ము నాలుగు చుక్కలుంటే ఏం కాదు. మన సముద్రం గాలికి కొత్త లెన్స్‌కి కూడా పట్టద్ది, సంచిలో పెట్టి మర్చిపోబాక. గాలి దూరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు. నీలంగా ఉండేవి గులాబీ రంగుకి తిరిగితే తేమ తాగేసినట్టు, వంటకి వాడని పాత మూకుట్లో వేడి చేస్తే మళ్లీ నీలంగా అవుతాయి.

పొదిలి_పొగాకు:
బియ్యం డబ్బాలో పెడితే సరిపోదా?

మైపాడు_గాలి:
వద్దు. బియ్యం పిండి జూమ్ రింగులోకి పోద్ది.

కావలి_ముహూర్తం:
మాస్టారు గ్రూప్ ఫొటో అంటుండారు, గ్రూప్‌కి కిట్ లెన్స్ 18 కాడ పెట్టి ఫ్లాష్ వేస్తే అయిపోద్ది. అమ్మాయి మొహం, చేతులు, హారతి, వాటికి 50. జంటగా ఇద్దర్ని తీసేటప్పుడు మాత్రం 1.8లో ఒకరి కళ్లు మసగబారతాయి, 2.8కి పెట్టుకో. 50 కొన్నాక డబ్బులు మిగిలితే రెండు వేల మాన్యువల్ ఫ్లాష్, అదే వెలుగు ఎంతో మనమే పెట్టుకునేది, ఒకటి తీసుకో, పైకప్పుకి తిప్పి కొట్టు. దాంతో పని పూర్తి.

మూలాపేట_స్టూడియో:
ఆ ఫ్లాష్ 1500డీ మీద వెలగదు.

కావలి_ముహూర్తం:
ఎందుకు వెలగదు? 14 ఏళ్లుగా అదే ఫ్లాష్ వాడుతుండా నేను. నా 700డీ మీద ఇప్పుడు కూడా ఉండాది.

మూలాపేట_స్టూడియో:
మీ 700డీ వేరే. 1500డీ, 3000డీ, 200డీ మార్క్ 2, వీటిల్లో హాట్ షూ, అంటే కెమెరా పైన ఫ్లాష్ తగిలించే చోటు, దాని మధ్యలో ఉండే పెద్ద పిన్ను కెనాన్ తీసేసింది. రెండు వేల మాన్యువల్ ఫ్లాష్ ఆ పిన్ను మీదే వెలిగేది. కెనాన్ టీటీఎల్ (కెమెరానే వెలుతురు కొలిచి ఫ్లాష్‌కి చెప్పే పద్ధతి) అర్థమయ్యే ఫ్లాష్ అయితేనే పలుకుతుంది, అది కూడా మోడల్ చూసి, పెట్టి వెలిగించి చూసుకుని కొనాల. మా కాడికి ఇట్టనే కొనుక్కోని నలుగురు వచ్చినారు, ఫ్లాష్ పాడైపోయిందని.

కావలి_ముహూర్తం:
నేనెప్పుడూ వినలా ఈ మాట. కొనేటప్పుడు మంచిది కొంటే అదే వెలగద్ది.

కందుకూరు_కుర్రోడు:
ఇప్పుడే చూశా అన్నా. మధ్యలో పెద్ద చుక్క లేదు, చిన్న చుక్కలు మాత్రమే ఉన్నాయి.

వేదాయపాళెం_మాస్టారు:
చూసినారా. ఆ పిల్లోడు మీ మాట నమ్మి ఉంటే రెండు వేలు పోయేవి. 14 ఏళ్లు, 14 ఏళ్లు అని అందర్నీ ఒకే గాటన కట్టి చెప్తుండారు. ప్రతి కెమెరా ఫంక్షన్ కోసమే పుట్టినట్టు మాట్లాడతారు మీరు.

కావలి_ముహూర్తం:
ఫ్లాష్ విషయంలో నాది తప్పే, ఒప్పుకుంటా. కుర్రోడా, ఆ ఫ్లాష్ కొనబాక. కానీ మాస్టారూ, మీకు నెల తిరిగేసరికి జీతం పడద్ది, మీరు గూడబాతుల్ని తీసుకోవచ్చు. ఆ 11,000 బ్యారన్ కాడ ఆ వేడిలో రాత్రిళ్లు మేలుకోని సంపాదించినవి. మా ఊళ్లల్లో అంత డబ్బు ఒక వస్తువు మీద పెడితే అది తిరిగి ఇంటికి రూపాయి తేవాల. 50 చేతిలో ఉంటే రేపు ఇంకో ఇంట్లో బారసాల తీస్తాడు, ఎల్లుండి పుట్టినరోజు తీస్తాడు. పిట్ట ఫొటోకి ఎవురిస్తారు డబ్బులు?

వేదాయపాళెం_మాస్టారు:
సంపాదిస్తానని ఆ అబ్బాయి యాడ రాసినాడు? మళ్లీ చదవండి. చెల్లెలు, పక్షులు అన్నాడు, అంతే.
నాకు 19 ఏళ్లప్పుడు ఒక యాషికా కెమెరా ఉండేది. ట్యూషన్లు చెప్పి కొనుక్కున్నా. మా నాయన ఒకరోజు "ఇది అన్నం పెడతదా" అని అమ్మేసినాడు, నేను కాలేజీ నించి వచ్చేసరికి మేకుకి ఉత్త పట్టీ ఒకటే వేలాడతా ఉండాది, అది మాత్రం ఎందుకో ఇవ్వలా వాళ్లకి. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లల చదువులు. మళ్లీ కెమెరా ముట్టుకునేసరికి 52 వచ్చినాయి. మీరు రాసిన ఆ చివరి లైను చదివితే అదే గొంతు వినపడింది నాకు. నాకు లెన్స్ మీద పట్టింపు లేదు అన్నా. ఆ మాట మీద ఉంది.

మైపాడు_గాలి:
మాస్టారూ...

కావలి_ముహూర్తం:
నిన్న రాత్రి చదివి జవాబు రాయకుండా పడుకున్నా.
మీ నాయన మాట నేను అనదలుచుకోలా. మా నాయన హోటల్లో ప్లేట్లు కడిగి నాకు మొదటి కెమెరా కొనిచ్చినాడు, దాంతో అన్నం తినకపోతే ఆయన మొహం చూడలేను, నాకు ఇంకో దారి తెలీదు. మీరు రాసింది చదివినాక హార్డ్‌డిస్క్ తీసి వెతికినా. వేల పెళ్లిఫొటోలు ఉండాయి. మా పాపవి కెమెరాతో తీసినవి ఎన్నని చూస్తే 31. మిగతావన్నీ వాళ్లమ్మ ఫోన్లోవి. అయినా నా మాట నేను మార్చుకోను, లేనోడి చేతిలో వస్తువు సంపాదించే వస్తువైతే వాడికి మంచిది. కానీ ఆ అబ్బాయి అడిగింది అది కాదు, అది నిజమే.

ఒంగోలు_గిత్త:
ఇద్దరూ పెద్దోళ్లు. ఆ అబ్బాయి మొన్నట్నుంచి మాట్లాడలేదు, ఏమైందో చూడండి.

కందుకూరు_కుర్రోడు:
ఇక్కడే ఉన్నా అన్నా, చదువుతున్నా. మాస్టారు చెప్పారని కిట్ లెన్స్‌ని 50 కాడ పెట్టి జూమ్ రింగ్ తిరక్కుండా ప్లాస్టర్ వేసి రెండు రోజులు అట్టానే తీశా. మా చెల్లెల్ని పీట వేసే చోట కూర్చోబెట్టి చూశా, మొహం, భుజాల దాకా అయితే భలే ఉంది, నిలువునా రావాలంటే వెనక్కి వెనక్కి పోయి పక్కింటి వాళ్ల గొడ్లచావిడి గోడకి ఆనుకోవాల్సొచ్చింది. రాత్రి ఒక ట్యూబ్‌లైటు కింద తీస్తే కావలి అన్న చెప్పినట్టే అయింది, గాజులు సవరించుకుంటుంటే వేళ్లు లేవు, తెల్లటి మచ్చ ఉంది. ఇద్దరూ చెప్పింది నిజమే, ఇప్పుడు ఇంకా తేలట్లేదు. సంపాదన గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా, నాకు ఇంకా ఏమీ తెలీదు. కెమెరా ఇంటికొచ్చిన రోజు మా చెరువులో నారాయణ పక్షి ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంటే గంటసేపు నేనూ నిలబడ్డా, దగ్గరికి పోతే లేచిపోయింది. ఫొటోలో అది నా చిటికెన గోరంత కూడా లేదు. అదొక్కటే గుర్తొస్తా ఉంది.

మూలాపేట_స్టూడియో:
అయితే 55-250 కొనుక్కో. ఒక రాత్రి ఫంక్షన్‌కి 50 ఎవురన్నా అప్పిస్తారు.

వేదాయపాళెం_మాస్టారు:
బీరువాలో ఉన్నది తీసుకో నాయనా. నెల్లూరు రాగలిగితే ఇస్తా.

కావలి_ముహూర్తం:
నెల్లూరు దాకా ఎందుకు, నా కాడ పాత 50 ఎఫ్1.8 II ఉండాది, వెనక కెమెరాకి తగిలే మౌంట్ కూడా ప్లాస్టిక్కే, ఫోకస్ చేసేటప్పుడు గరగర మంటది, కానీ ఫొటో బాగొస్తది. ఫంక్షన్ అయ్యేదాకా ఉంచుకో. ఆ 55-250 కొనే ముందు నన్ను కూడా తీసకపో, అమ్మేవాడు ఎవుడైనా సరే. ఆదివారం పొద్దున 9కి కావలి బస్టాండు కాడికి రా. ఫోన్‌కి చార్జింగ్ నిండా పెట్టుకోని రా, నేనిచ్చే లెన్స్‌లో కూడా ముందు టార్చి వేసి చూసుకోవాల నువ్వు.