‘100% జ్యూస్’ అన్న మాట డబ్బా మీద ఉండాలా, పోవాలా?

గోడమీద_పిల్లి
నిన్న సూపర్‌మార్కెట్లో మా చిన్నది లీటరు నారింజ జ్యూస్ డబ్బా తీసి బుట్టలో వేసింది. ముందువైపు నిగనిగలాడే నారింజ బద్దలు. వెనక్కి తిప్పితే దినుసుల్లో మొదటి పేరు ‘నీళ్లు’, ఆ తర్వాతే కాన్సంట్రేట్, అంటే నీళ్లు తీసేసి చిక్కబరిచిన రసం. ఏది ఎక్కువుంటే దాన్ని ముందు రాయాలన్నది రూలు కాబట్టి, డబ్బు పెట్టి కొనేది ముందుగా నీళ్లనే. కాన్సంట్రేట్‌లో నీళ్లు పోసి చేసిన జ్యూస్ మీద ‘100% ఫ్రూట్ జ్యూస్’ అని వేయొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 జూన్‌లో ఆదేశం ఇచ్చింది. అప్పటికే అచ్చయిన డబ్బాలు అవగొట్టుకోవడానికి సెప్టెంబరు 1 దాకా గడువు పెట్టింది. డాబర్ దాని మీద ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. నన్నడిగితే ఆదేశం కరెక్టే. మీరేమంటారు?

పల్ప్_క్యూసీ
ఈ లైన్లోనే పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను, నా మాట కూడా వినండి. పిండిన నారింజ రసం 11 బ్రిక్స్ దగ్గర ఉంటుంది. అంటే వంద గ్రాముల రసంలో 11 గ్రాములు కరిగిన పదార్థం, అందులో ఎక్కువ భాగం పండులోని చక్కెరే. దాన్ని వాక్యూమ్‌లో మరిగించి 65 బ్రిక్స్ దాకా చిక్కబరుస్తారు. ఓడల్లో నీళ్లు మోయించడం దండగ కదా! ఇక్కడికొచ్చాక తీసినన్ని నీళ్లే తిరిగి పోసి మళ్లీ 11కి తెస్తాం. చెంచా పంచదార వేయం. అందులో పండు కానిది ఏముంది చెప్పండి?
అసలు దెబ్బ వేరే చోట ఉంది. ‘100%’ అన్న మాట పోతే మా జ్యూస్, పక్కన 10 శాతం పండుతో చేసిన డ్రింకు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెండిటి మీదా అదే పండు బొమ్మ. నిజం చెప్పేవాడి నోరు కట్టేసినట్టయింది.

గోడమీద_పిల్లి
పాలపొడిలో నీళ్లు కలిపి ‘100% గేదె పాలు’ అని అమ్మితే మీ ఇంట్లో ఊరుకుంటారా సార్? మరిగించినప్పుడు వాసన కూడా ఆవిరైపోతుందని, దాన్ని విడిగా పట్టి తర్వాత కలుపుతారని విన్నాను.

పల్ప్_క్యూసీ
నిజమే, కలుపుతాం. పాలపొడి పోలిక కూడా ఒప్పుకుంటాను. ‘కాన్సంట్రేట్ నుంచి చేసింది’ అని పెద్దగా రాయమనండి, రాస్తాం. ‘100%’ ఎందుకు కొట్టేయాలి అన్నదే నా గొడవ.

డల్లాస్_బాబాయి
ఇక్కడ అమెరికాలో రెండూ పక్కపక్కనే రాస్తారు, ‘100% జ్యూస్, కాన్సంట్రేట్ నుంచి’ అని. జ్యూస్ ఎంత శాతమో చెప్పి తీరాలి. అలాగని ఇక్కడంతా సత్యహరిశ్చంద్రులే అనుకోకండి. కోకాకోలా వాళ్లు దానిమ్మ, బ్లూబెర్రీ పేర్లు పెద్దగా వేసి ఒక జ్యూస్ అమ్మేవారు. అందులో దానిమ్మ 0.3 శాతం, బ్లూబెర్రీ 0.2 శాతం. 99 శాతం పైగా ఆపిల్, ద్రాక్ష రసమే! పామ్ వండర్‌ఫుల్ అనే దానిమ్మ జ్యూస్ కంపెనీ కోర్టుకెక్కితే, లేబుల్ రూల్స్ ఉన్నా పోటీ కంపెనీ దావా వేయొచ్చని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. తీరా 2016లో జ్యూరీ కోకాకోలా వైపే తీర్పిచ్చింది.

బంగారుపాళ్యం_పిల్లోడు
నారింజ సంగతి మీరు చూసుకోండి అన్నా, మా మామిడి లెక్క వినండి. పండ్ల డ్రింకులో పండు 10 శాతం ఉంటే చాలు, నిమ్మకాయదైతే 5 చాలు. నేను చూసిన సీసా మీద మామిడి గుజ్జు 12 శాతం అనుంది, అదీ వెనకాల. లీటరుకు 120 గ్రాముల గుజ్జు. కాయలో సుమారు సగం గుజ్జనుకుంటే పావు కిలో తోతాపురి. 2025 సీజన్‌లో ధర పడిపోతే కిలోకి 12 రూపాయలు దక్కేలా చూస్తామన్నారు, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. అంటే ఫ్యాక్టరీ లీటరు డ్రింకుకి మాకిచ్చేది 2 రూపాయలు. లోడుతో ట్రాక్టర్ మీద ఫ్యాక్టరీ గేటు బయట రెండు రాత్రులు పడుకున్నాం ఆ 2 రూపాయల కోసం.
సీసా ముందు ‘మామిడి 12%’ అని అరచేయంత అంకె వేయించండి. పక్క కంపెనీ 20 వేస్తుంది, ఇంకోడు 25. పోటీ గుజ్జు మీద పడితే మా కాయ కదులుతుంది.

పల్ప్_క్యూసీ
గుజ్జు పెంచితే రేటు పెరుగుతుంది తమ్ముడూ. పది రూపాయల ప్యాక్ పది రూపాయలకే ఉండాలి, లేకపోతే జనం సోడాకి పోతారు.

బంగారుపాళ్యం_పిల్లోడు
గ్యాస్ లేని పండ్ల డ్రింకుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 12 నుంచి 5కి దించారు కదన్నా. ఆ 7 గుజ్జులోకి రాలేదేం?

కూకట్‌పల్లి_అమ్మ
మా అత్తయ్యకి షుగర్. ‘పంచదార కలపలేదు’ అని చూసి రోజూ గ్లాసుడు తాగేది. సార్ చెప్పిన 11 బ్రిక్స్ లెక్కేస్తే గ్లాసుకి నాలుగైదు చెంచాల చక్కెర, పీచేమో లేదు. అది 100 శాతం నిజమైనా ఆమెకి మంచిది కాదు. 10 శాతం పండుతోనే ‘అసలైన పండుతో చేసింది’ అని చెప్పుకుంటున్నారని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) వాళ్లు కూడా 2024లో హెచ్చరించారు.
ఇక ‘చిన్నగా రాస్తే చాలదా’ అనేవాళ్లకి ఓఆర్‌ఎస్, అదే విరేచనాలప్పుడు తాగించే ఉప్పు-చక్కెర ద్రావణం, సంగతి గుర్తుచేస్తాను. తీపి డ్రింకుల పేర్లలో ఆ మూడక్షరాలు పెట్టుకోనిచ్చి, ‘ఇది డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు’ అని గమనిక వేయమన్నారు. విరేచనాలవుతున్న పిల్లాణ్ని చంకనేసుకుని మందుల షాపు ముందు నిలబడ్డ తల్లి ఆ గమనిక చదువుతుందా? హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆ పేరే తీసేయమన్నారు.

గోడమీద_పిల్లి
సార్ చెప్పిన ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాను. పదం తీసేసి ఊరుకుంటే అసలు జ్యూస్, 10 శాతం డ్రింకు ఒకే గాటన పడతాయి. నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. ‘100%’ పోనీ, పండు శాతం మాత్రం ముందువైపే ఉండాలి. ఇలా అడిగితే కంపెనీలు ఒప్పుకుంటాయా సార్?

పల్ప్_క్యూసీ
కంపెనీ పేరు అడక్కండి, నేను కూర్చున్న మీటింగ్ సంగతి చెప్తాను. గుజ్జు శాతం ముందువైపు వేద్దామని మేమన్నాం. మార్కెటింగ్ వాళ్లు వెంటనే సరేనన్నారు. మర్నాడు డిజైన్ వచ్చింది. మామిడిపండు పసుపు మీద, లేత పసుపు అంకె.