రూపాయి నాణెం మీద గీత: అచ్చు తప్పేనా?

ప్రశ్న (పెరంబూరు): నమస్కారమండీ. మా కొట్టు గల్లాపెట్టెలో 1998 నాటి స్టీలు రూపాయి దొరికింది. సంవత్సరం కింద నక్షత్రం, 1 అంకె నుంచి అంచు దాకా వెంట్రుకంత గీత. ఇంకో రూపాయి మీద 'భారత్' అక్షరాలు రెండేసిగా కనిపిస్తున్నాయి. ఇలాంటివి లక్షలు పలుకుతాయని ఒక ప్రకటన. ముందు నమోదు రుసుము రెండు వేలు కట్టాలట. కట్టవచ్చా?

జవాబు (షావుకారుపేట): కట్టకండి. కొనేవాడు డబ్బు ఇవ్వాలి గాని అడగడమేమిటి? తమ పేరు చెప్పి పాత నాణేలకు రుసుములు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.

గీతకు అడ్డంగా గోరు లాగి చూడండి. గోరు లోపలికి దిగితే అది ఎక్కడో గీసుకుపోయినదే. ఉబ్బుగా తగిలితే అచ్చు పగులు. టంకశాలలో అచ్చు బీటవారితే, దెబ్బ పడినప్పుడు లోహం ఆ బీటలోకి ఎక్కి సన్నని గట్టులా నిలుస్తుంది. నక్షత్రం హైదరాబాద్ టంకశాల గుర్తు, దానికి అదనపు ధర లేదు.

రెండో నాణెం భూతద్దంతో చూడండి. అక్షరం పక్కన చదునుగా మెట్టు కట్టి, అసలు అక్షరం సన్నబడి ఉంటే అది ముద్ర పడే క్షణంలో అచ్చు కదిలిన జాడ. దానికి గిరాకీ లేదు.

ప్రశ్న (పెరంబూరు): గోటికి ఉబ్బుగానే తగిలిందండీ! ఎంత వస్తుంది?

జవాబు (షావుకారుపేట): కాఫీ ఖర్చు వస్తే సంతోషించండి. బీటవారిన అచ్చు మార్చేలోపు బోలెడు నాణేలు కొట్టేస్తుంది. అంచు దగ్గర అచ్చు ముక్కే ఊడి, అక్కడ లోహం ముద్దగా నిలిచిపోయి ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

జవాబు (సైదాపేట): అన్నగారి మాటకు కొంచెం చేర్పు. సింహాల బొమ్మ నిటారుగా ఉంచి, పైనా కిందా వేళ్లతో పట్టుకుని పక్కకు తిప్పండి. బొరుసు కూడా నిటారుగా రావాలి. కాస్త వాలితే లెక్కలోకి రాదు, పూర్తిగా అడ్డం తిరిగితే అడిగేవారుంటారు. మేమంతా వెతికేది లఖీ కోసం: ఒకవైపు మామూలు బొమ్మ, రెండోవైపు అదే బొమ్మ అద్దంలోలా కుడి ఎడమై, లోతుగా.

రూపాయి కోసం కోసిన ఖాళీ బిళ్ళ మీద పొరపాటున రెండు రూపాయల ముద్ర పడిందని ఎవరైనా అంటగట్టబోతే జాగ్రత్త. మీ పాత రూపాయీ, 2011లో మొదలైన రకం రెండు రూపాయలూ 4.85 గ్రాములే, 25 మిల్లీమీటర్లే. తూకంతో తేలదు.

నాణెం మాత్రం తోమకండి. తోమిన గీతలు చూస్తే ఎవరూ ముట్టుకోరు.

ప్రశ్న (పెరంబూరు): అమ్మ నిన్ననే పీచుతో తోమేసిందండీ, రెండింటినీ.