బీపీ దిగడం లేదు, స్కాన్‌లో కిడ్నీకి తిత్తి: ఇప్పుడే సీటీ తీయించాలా?

మా నాన్నగారికి 61 ఏళ్లు. 12 ఏళ్లుగా బీపీ. టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 రోజూ పొద్దున్నే వేసుకుంటారు. అయినా మూడు నెలలుగా 160/100 కంటే కిందికి దిగడం లేదు. ఆవకాయ, అప్పడాలు మానిపించాం. పొద్దున 6:30కి, రాత్రి 9కి చూసి నోటుబుక్కులో రాస్తున్నాం. మెషిన్ తప్పేమోనని క్లినిక్‌లోనూ చూపించాం, అవే అంకెలు.

పోయిన వారం అల్ట్రాసౌండ్‌లో ఎడమ కిడ్నీ పైభాగంలో 2.8 సెం.మీ. ‘కాంప్లెక్స్ సిస్ట్’ అని వచ్చింది. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.1. మూత్రంలో రక్తం లేదు, నొప్పీ లేదు. ఆరు నెలలాగి మళ్లీ స్కాన్ చేద్దామన్నారు డాక్టరుగారు. రెండోసారి వెళ్లి అడిగినా అదే మాట.

మామూలు నీటితిత్తి అయితే ఇంత కంగారుపడేదాన్ని కాదు. దీనికి లోపల అడ్డుగోడలు, మందపాటి అంచు ఉన్నాయని రిపోర్టులో రాశారు. పైగా కిడ్నీ క్యాన్సర్ ముప్పు పెంచేవాటిలో హైబీపీ, పొగతాగడం రెండూ ఉన్నాయి. నాన్నగారు 20 ఏళ్లు బీడీలు కాల్చి మానేశారు.

ఇలాంటి రిపోర్టు వచ్చినవాళ్లు, తెలిసిన డాక్టర్లు దయచేసి చెప్పండి: ఆరు నెలలు ఆగకుండా ఇప్పుడే యూరాలజిస్టు దగ్గరికెళ్లి కాంట్రాస్ట్ సీటీ (నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) గురించి అడగడం మంచిదేనా?