తలూపి ఇంటికి వెళ్ళిపోతున్నారు: ఆయాసం ఉన్నవాళ్ళకు ఇన్‌హేలర్ ఎలా నేర్పాలి?

ప్రశ్న: రాజోలు వైపు నర్సు

నమస్కారం. బీఎస్సీ నర్సింగ్ చదివి, కోనసీమలో లంకలకు దగ్గరగా ఉన్న ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. బీపీ, షుగరు ఉన్నవాళ్ళకు జాగ్రత్తలు చెప్పడం నాకు కష్టం కాదు. ఆయాసం ఉన్నవాళ్ళ దగ్గరే ఆగిపోతున్నాను.

ఒక తాతయ్య గారు ఉన్నారు. చిన్నప్పటి నుంచి లంక పొగాకు చుట్ట అలవాటు. ఇప్పుడు బాగా తగ్గించానంటారు. పెద్దాసుపత్రిలో సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాల జబ్బు) అని రాసి, క్యాప్సూల్‌లో పొడి పీల్చే రోటాహేలర్ ఇచ్చారు. చీటీలో మందులన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా మంచు పడితే చాలు, అరుగు మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి రొప్పుతూ కనిపిస్తారు. మామ్మ గారు కొబ్బరి డొక్కలతో, మట్టలతో వంట చేస్తారు. గ్యాసు ఉంది కానీ చుట్టాలు వచ్చినప్పుడే వెలిగిస్తారు. అదే వీధిలో తొమ్మిదేళ్ళ బాబుకు ఉబ్బసం. వాళ్ళమ్మ ఇన్‌హేలర్‌ను బీరువాలో పెట్టేసింది. "అలవాటైతే ఇక మానలేడట కదా సిస్టర్, బాగా ఎక్కువైతేనే ఇస్తాను" అంటుంది.

నేను పోస్టరు చూపించి వివరంగా చెబుతాను. అందరూ శ్రద్ధగానే వింటారు, తలూపుతారు. మళ్ళీ చలి రాగానే అదే ఆయాసం, అదే ఆటో, అదే ఆసుపత్రి. మందు మార్చడం నా చేతిలో లేదు. మరి నర్సుగా నా చేతిలో ఉన్నది ఏమిటి? ఇంకొక సందేహం: 108 వచ్చేలోగా తాతయ్య గారి లాంటి వాళ్ళకు ఆక్సిజన్ ఎంత పెట్టవచ్చు?

జవాబు: పాలకొల్లు, విశ్రాంత హెడ్ నర్సు

అమ్మాయీ, పోస్టరును గోడ మీదే ఉండనివ్వు. తాతయ్య గారి రోటాహేలర్ ఆయన చేతికే ఇచ్చి, "ఇంట్లో ఎలా పీలుస్తారో ఒకసారి చూపించండి తాతయ్య గారూ" అని అడుగు. మధ్యలో మాట్లాడవద్దు, చెయ్యి పెట్టి సరిదిద్దవద్దు. చివరిదాకా చూడు. ఛాతీ వార్డులో ఉన్నన్నాళ్ళూ నేను ఎవరికి నేర్పినా అక్కడి నుంచే మొదలుపెట్టాను. "తెలుసా?" అని అడిగితే తెలుసనే అంటారు, పెద్దవాళ్ళు మరీనూ. చేయించి చూస్తేనే అసలు విషయం బయటపడుతుంది. క్యాప్సూల్‌ను మంచినీళ్ళతో మింగేవాళ్ళను చూశాను. గొట్టంలోకి ముందుగా ఊది పొడిని తడిపేసేవాళ్ళను చూశాను. కింది భాగం తిప్పకుండా, క్యాప్సూల్ విడిపోకుండానే పీల్చి, మందు పనిచేయడం లేదని బాధపడేవాళ్ళనూ చూశాను. వీళ్ళెవరికీ చీటీలో తప్పు లేదు. మందు ఊపిరితిత్తుల దాకా వెళ్ళనే లేదు, అంతే.

నీ చేతిలో ఉన్నది ఇదే, చిన్న విషయం అనుకోకు. డాక్టరుగారు రాసిన మందు రోగి ఊపిరితిత్తుల్లోకి చేరేలా చూసేది నువ్వే.

పొడి మందుకూ స్ప్రేకూ పీల్చే తీరు పూర్తిగా వేరు. పొడి అయితే ముందు బయటికి ఊపిరి వదిలి, పెదవులు గట్టిగా బిగించి, వేగంగా, బలంగా, లోతుగా ఒక్కసారి లాగాలి. స్ప్రే అయితే ఊపి, నెమ్మదిగా, లోతుగా లాగాలి. రెండింటికీ తరువాత సుమారు 10 సెకన్లు ఊపిరి బిగపట్టాలి. ఒకదాని పద్ధతి రెండోదానికి వాడితే మందు చాలావరకు గొంతులోనే ఉండిపోతుంది. పొడి పీల్చాక రోటాహేలర్ విప్పి చూపించమను. క్యాప్సూల్‌లో పొడి మిగిలి ఉంటే మళ్ళీ పీల్చాలి. ఎన్నిసార్లు లాగినా మిగులుతోందంటే తాతయ్య గారికి అంత బలంగా లాగే శక్తి లేదేమో. అప్పుడు "పొడి లాగలేకపోతున్నారు, స్పేసర్‌తో స్ప్రే ఇవ్వగలరా?" (స్పేసర్ అంటే స్ప్రేకు తగిలించే బోలు గొట్టం) అని ఓపీ చీటీ మీద రాసి డాక్టరుగారికి పంపు. ఈ ఒక్క వాక్యం రాయగలిగేది ఆయన పీల్చడం కళ్ళారా చూసినవాళ్ళే.

మన గాలిలో తేమ ఎక్కువ కదా, క్యాప్సూళ్ళ డబ్బా మూత వదులుగా ఉంటే పొడి ముద్దకడుతుంది. తడి చేతులతో తీయకూడదు. రేపటికని ముందురోజే రోటాహేలర్‌లో పెట్టి ఉంచకూడదు. డబ్బా ఎక్కడ ఉంచుతారో అడుగు. పొయ్యి పక్కన గూట్లో ఉందంటే ఆశ్చర్యపోను.

ఇక బాబు సంగతి. వాళ్ళమ్మ భయాన్ని కొట్టిపారేయవద్దు. స్టెరాయిడ్ అన్న మాట ఆమె ఎక్కడో విని ఉంటుంది, బిడ్డ మీద ప్రేమతోనే దాచింది. ఆమెకు లెక్క చెప్పు. ఆయాసం ముదిరితే నోటి ద్వారా ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు మిల్లీగ్రాముల్లో ఉంటాయి. పీల్చే మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, 1000 మైక్రోగ్రాములైతే ఒక మిల్లీగ్రాము. రోజూ పీల్చే ఆ కొంచెం మందు మానిపించి, సీజనుకోసారి మాత్రల దాకా తెచ్చుకుంటే ఒంట్లోకి వెళ్ళే స్టెరాయిడ్ ఎక్కువే అవుతుంది. ఈ లెక్క అర్థమైన తల్లులు ఇన్‌హేలర్‌ను బీరువాలోంచి తామే బయటికి తీస్తారు. పీల్చాక నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లటి పూత రావచ్చు. పళ్ళు తోముకునే ముందు పీల్చే అలవాటు చేయిస్తే ఇక గుర్తుచేయనక్కర్లేదు.

నీలం రంగు సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి నెట్టుకొస్తున్నారేమో చూడు. అది ఊపిరి గొట్టాల కండరాన్ని వదులు చేసి అప్పటికి ఊపిరి ఆడేలా చేస్తుంది, లోపలి వాపును తగ్గించదు. ఉబ్బసానికి ఆ ఒక్క మందుతోనే సరిపెట్టవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు రాసే జినా సంస్థ చెబుతోంది. బాబుకు స్పేసర్ తప్పనిసరి. స్పేసర్‌ను సబ్బునీళ్ళలో కడిగి గుడ్డతో తుడవకుండా ఆరనివ్వాలి. తుడిస్తే పుట్టే స్థిర విద్యుత్తు వల్ల మందు గోడలకే అంటుకుంటుంది.

ఇన్‌హేలర్ డబ్బా మీద మొదలుపెట్టిన తేదీ మార్కరుతో రాయి. 200 పఫ్‌లది రోజుకు 4 చొప్పున వాడితే 50 రోజులు. తరువాత కూడా బుస్సుమని శబ్దం వస్తూనే ఉంటుంది, అందులో మందు ఉండదు.

మరో రెండు సంగతులు మరచిపోకుండా అడుగు. కంట్లో నీటికాసుల జబ్బుకు టిమోలాల్ చుక్కలు వేసుకుంటున్నారా? అవి ఆయాసాన్ని పెంచగలవు. ఒళ్ళు నొప్పులకని కిళ్ళీకొట్టులోనో మందుల షాపులోనో మాత్రలు కొని వేసుకుంటున్నారా? ఉబ్బసం ఉన్న కొందరికి ఆ నొప్పి మాత్రలే ఆయాసం తెప్పిస్తాయి. నాట్లు, కోతల రోజుల్లో ఇది తప్పకుండా అడగాలి. రెండు వారాలు దాటిన దగ్గు అయితే, ఎంత పాత సీఓపీడీ మనిషైనా సరే, కఫం పరీక్షకు పంపు. అన్నీ ఆయాసం ఖాతాలో వేసేస్తే క్షయ దాగిపోతుంది.

చుట్ట గురించి తాతయ్య గారితో వాదన పెట్టుకోకు. వెళ్ళిన ప్రతిసారీ ఒకే ప్రశ్న అడుగు: "ఈ వారం ఎన్ని?" చుట్ట పూర్తిగా మానితే ఊపిరితిత్తులు పాడయ్యే వేగం తగ్గుతుంది, ఏ వయసులో మానినా. ఇది నిజం, ఆయనకు ఆశ కలిగేలా చెప్పు. మామ్మ గారితో మాట్లాడేటప్పుడు మాత్రం తాతయ్య గారి ఊపిరి గురించే కాకుండా ఆమె ఊపిరి గురించి కూడా అడుగు. ఇన్నేళ్ళు ఆ పొగలో వండిన మనిషిని మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని ఎవరూ అడిగి ఉండరు. చుట్ట ముట్టని ఆడవాళ్ళకూ పొయ్యి పొగ వల్ల సీఓపీడీ వస్తుంది. గ్యాసు ఖర్చు ఆమె లెక్క, అందులో న్యాయముంది. కనీసం మంచు రోజుల్లో గ్యాసు మీద వండమను. కట్టెల పొయ్యే తప్పదంటే పెరట్లో, ఆయన కూర్చునే అరుగు వైపు పొగ రాకుండా పెట్టించు.

ఆక్సిజన్ గురించి తరువాత రాస్తాను, అది తొందరపడి రాసే విషయం కాదు.

జవాబు: భీమవరం దగ్గర, విశ్రాంత ఉపాధ్యాయుడు

నేను నర్సును కాను, చిన్నతనం నుంచి ఉబ్బసం రోగిని. పైన మేడమ్ గారు చెప్పినట్టు ఒక నర్సమ్మ గారు నా చేత పీల్చి చూపించమన్న రోజు నుంచే నా పరిస్థితి కుదుటపడింది. ఆమెకు ఈనాటికీ రుణపడి ఉన్నాను.

సీజను గురించి రోగులకు ముందే చెప్పండి. మా వైపు సార్వా కోతలు నవంబరులో, దాళ్వా కోతలు ఏప్రిల్‌లో. యంత్రంతో కోసిన చేలలో గడ్డి తగలబెడితే సాయంత్రానికి ఊరంతా పొగ కమ్ముకుంటుంది. తరువాత ధనుర్మాసం మంచు, దాని చివరి రోజు భోగి మంట. ఇప్పుడు అందులో పాత టైర్లు కూడా వేస్తున్నారు, ఆ రోజు మా ఇంట్లో తెల్లవారుజామున కిటికీలు తెరవం. రైస్ మిల్లు పక్కన ఉన్నవాళ్ళకు ఊక బూడిద సీజనుతో పనిలేకుండా ఉంటుంది. కోతలకు ముందే ఇన్‌హేలర్ కొని పెట్టుకోమని, రోజువారీ మందు మానవద్దని చెబితే సగం ఆసుపత్రి ప్రయాణాలు తప్పుతాయని నా నమ్మకం.

మృగశిర కార్తెకు హైదరాబాదులో చేప ప్రసాదానికి వెళ్ళేవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. వెళ్ళవద్దంటే మాట వినరు, మనసు కష్టపెట్టుకుంటారు. వెళ్ళి రండి, ఇన్‌హేలర్ మాత్రం జేబులో ఉంచుకోండి, వచ్చాక మానకండి అని చెబితే వింటారు.

జవాబు: రాజమహేంద్రవరం, ఫిజియోథెరపిస్టు

మందు నేర్పినంత శ్రద్ధగా ఊపిరి వదలడం కూడా నేర్పండి. సీఓపీడీలో గాలి లోపలే చిక్కుకుపోతుంది, అందుకే మళ్ళీ పీల్చడానికి చోటుండదు. ముక్కుతో రెండు లెక్కపెట్టేంతసేపు పీల్చి, వేడి కాఫీని ఊదినట్టు పెదవులు ముడిచి నాలుగు లెక్కపెట్టేంతసేపు వదలాలి. పనిలో బలం పెట్టాల్సిన క్షణంలో ఊపిరి వదలాలి: బిందె ఎత్తేటప్పుడు వదులుతూ ఎత్తాలి. తాతయ్య గారు అరుగు మీద ముందుకు వంగి చేతులు ఆనించి కూర్చోవడం సరైన భంగిమే, "పడుకోండి" అని ఇంట్లోవాళ్ళు బలవంతపెట్టకూడదని చెప్పండి.

ఆయాసం వస్తుందని కదలకుండా కూర్చుంటే కాళ్ళ కండరాలు కరిగిపోయి, ఆ తరువాత రెండడుగులకే ఆయాసం వస్తుంది. కాలువగట్టు మీద చెట్టు నుంచి చెట్టు వరకు నడిచి, ఆగి, మళ్ళీ నడవమనండి. స్నానం స్టూలు మీద కూర్చుని చేయాలి. అన్నం కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి, నిండు కడుపు ఊపిరితిత్తులను పైకి నెడుతుంది.

మళ్ళీ: రాజోలు వైపు నర్సు

అందరికీ ధన్యవాదాలు. తాతయ్య గారి ఇంటికి వెళ్ళి చూపించమన్నాను. క్యాప్సూల్ పెట్టి చక్కగా తిప్పారు. తరువాత రోటాహేలర్ నోట్లో పెట్టుకుని, దాంట్లోకే గట్టిగా ఊదారు! ఆ తరువాత మెల్లగా పీల్చారు. విప్పి చూస్తే పొడి సగానికి పైగా అలాగే ఉంది. మూడుసార్లు సాధన చేశాక ఇప్పుడు పక్కకు తిరిగి ఊపిరి వదులుతున్నారు, కానీ లాగడం బలహీనంగానే ఉంది. మేడమ్, మీరు చెప్పిన వాక్యం అలాగే చీటీ మీద రాసి పంపాను. మామ్మ గారిని నడిపించి చూశాను, ఆమెకు కూడా ఆయాసం వస్తోంది. ఇద్దరినీ కలిపి పరీక్షకు పంపుతున్నాను. బాబు వాళ్ళమ్మకు మైక్రోగ్రాముల లెక్క రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మళ్ళీ వెళతాను. ఆక్సిజన్ గురించి రాస్తానన్నారు.

జవాబు: పాలకొల్లు, విశ్రాంత హెడ్ నర్సు

బాగా చేశావమ్మా. ఆ తల్లి దగ్గరకు మళ్ళీ వెళ్ళు, మూడోసారీ వెళ్ళు.

ఆక్సిజన్ కూడా మందే, మోతాదు ఉంటుంది. తాతయ్య గారి లాంటి సీఓపీడీ వాళ్ళకు ముక్కు గొట్టంతో నిమిషానికి 1 నుంచి 2 లీటర్లతో మొదలుపెట్టి, ఆక్సీమీటరు 88 నుంచి 92 మధ్య ఉండేలా చూడు. 99 కనిపించాలని ఎక్కువ పెడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మత్తులోకి జారిపోవచ్చు. బంధువులు "ఇంకా పెట్టండి" అని ఒత్తిడి చేస్తారు. అప్పుడు సంఖ్య చూపించి నిదానంగా వివరించు. అలాగని 88 కంటే తక్కువలో ఉన్న మనిషికి భయపడి ఆక్సిజన్ ఆపడం అంతకంటే ప్రమాదం. నెబ్యులైజర్ (మందును పొగమంచులా చేసి పీల్పించేది) పెట్టాల్సి వస్తే వీలైనంత వరకు కరెంటు యంత్రంతోనే పెట్టు, ఆక్సిజన్ పక్కనే ముక్కు గొట్టంతో నడవనివ్వు.

బాబుకు ఎక్కువైతే స్పేసర్‌తో సాల్బుటమాల్ ఒక్కో పఫ్ చొప్పున, 4 నుంచి 10 దాకా, మొదటి గంటలో 20 నిమిషాలకోసారి ఇవ్వవచ్చు. మీ డాక్టరుగారి చేత ఇది ముందే రాయించి క్లినిక్‌లో పెట్టుకో. స్పేసర్ దొరకకపోతే అర లీటరు నీళ్ళ సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి సరిపోయేంత రంధ్రం చేసి వాడవచ్చు, గాలి పోకుండా చుట్టూ అతికించు. వాక్యం పూర్తిచేయలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, మత్తుగా ఉండడం ప్రమాద సూచనలు. అప్పటిదాకా వినిపించిన పిల్లికూతలు ఆగిపోయి, మనిషి మాత్రం ఇంకా రొప్పుతుంటే అది నయం కావడం అనుకోవద్దు. గాలి అసలు కదలడం లేదన్నమాట. వెంటనే 108కి ఫోను చేయి, వాళ్ళు వచ్చేదాకా పఫ్‌లు ఆపకు.

లంకల వాళ్ళకు ఇంకో జాగ్రత్త. 2022 జులై వరదలాంటిది వస్తే పడవ మీదే బయటికి రావాలి. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళకు కరెంటు లేకుండా గడపడం ఎలా ఉంటుందో తెలుసు, అప్పుడు నెబ్యులైజర్ పనిచేయదు. అందుకే ఇన్‌హేలర్, స్పేసర్, చీటీ ఫొటో ఒక ప్లాస్టిక్ కవరులో కట్టి తలుపు పక్కన మేకుకు తగిలించమను. అంబులెన్సు ఎక్కేటప్పుడు ఆ కవరు కూడా వెంట వెళ్ళాలి. అక్కడి డాక్టరుగారికి ఏ మందు, ఎన్ని పఫ్‌లు, ఎన్ని గంటలకు ఇచ్చావో నీ చేత్తో రాసి అందులోనే పెట్టు.