కాలనీ వెనక మైదానంలో ఇళ్లు కట్టాలా, వద్దా?

మూడో గల్లీ:
నల్గొండలో పానగల్లు రోడ్డు వైపు ఉన్న మా కాలనీ వెనక 2 ఎకరాల 10 గుంటల సర్కారు జాగ ఉంది. పోయిన వారం సర్వేయర్లు వచ్చి రాళ్లు పాతి పోయారు. పేదల కోసం నాలుగు అంతస్తుల బ్లాకులు కడతారని వార్డులో చెప్పుకుంటున్నారు. నేను ఇక్కడ 2009 నుంచి ఉంటున్నా. మా పిల్లలిద్దరూ సైకిల్ నేర్చుకున్నది అక్కడే, ఇప్పటికీ సాయంత్రమైతే ముప్పై నలభై మంది పిల్లలు ఆడుతుంటారు. ఇటువైపు ఇంకో ఆట జాగ ఉంటే చూపించండి. ఇళ్లకు నేను వ్యతిరేకం కాదు, ఇక్కడ వద్దంటున్నా. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి అందరూ రావాలి.

కిరాయి ఇల్లు:
ఇక్కడ వద్దు అని ప్రతి కాలనీ వాళ్లూ అంటారు అన్నా. మరి ఎక్కడ కట్టాలి? మాది మర్రిగూడ వైపు ఊరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మా నాన్న నడుము వంగిపోయింది, నలభై ఐదేళ్లకే కట్టె పట్టుకున్నాడు. సేద్యం చేయలేక టౌన్‌కు వచ్చాం. 14 ఏళ్లలో 6 ఇళ్లు మారాం. నాన్న మెట్లు ఎక్కలేడు, కింది పోర్షనే కావాలి, దానికి కిరాయి ఎక్కువ. పోయినేడు కొడుకు పెళ్లుందని ఓనర్ నెల రోజుల్లో ఖాళీ చేయమన్నాడు. డబుల్ బెడ్రూమ్ ఇల్లంటే 560 చదరపు అడుగులు. అంత చోటు మాదని చెప్పుకోవడానికి ఎన్నేళ్ల నుంచి దరఖాస్తులు పెడుతున్నామో మాకే తెలుసు.

బోరు ఎండింది:
ఇళ్ల సంగతి సరే, నీళ్ల సంగతి ఎవరూ మాట్లాడరేం? వానాకాలం ఆ జాగలో రెండు మూడు రోజులు నీళ్లు నిలిచి ఇంకుతాయి. అంతా సిమెంటు వేస్తే ఆ నీళ్లు మోరీలో పడి పోతాయి. మా బోరు ఒకసారి ఎండింది, ఎండాకాలమంతా ట్యాంకర్ కొన్నాం.

రిటైర్డ్ టీచర్:
అసలు అది మైదానం కాదు, కుంట. నా చిన్నప్పుడు బర్రెలు పడుకునేవి అందులో. 10 హెక్టార్ల లోపు కుంటకైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి, అంటే నిండా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు నుంచి, 9 మీటర్లు వదలాలని 2012 నాటి జీవో 168లో స్పష్టంగా ఉంది. నీళ్లు నిలిచే జాగలో ఒక్క ఇటుక కూడా పెట్టరాదు.

పానగల్లు పోరడు:
కుంట కాదు సార్. ఇటుకల బట్టీ కోసం మట్టి తీసిన గుంత అది. మా తాత ఆ బట్టీలో పనిచేశాడు.

రిటైర్డ్ టీచర్:
మట్టి తీయకముందు ఏముందో మీ తాతను అడుగు బాబూ. బట్టీ వచ్చింది తర్వాత. ఊరి నక్ష తీయిస్తే కుంటో గుంతో తేలిపోతుంది.

పానగల్లు పోరడు:
తాత పోయి నాలుగేళ్లయింది సార్. కానీ గుంతే.

తంగేడు పువ్వు:
కుంటైనా గుంతైనా ఏటా బతుకమ్మ ఆడేది అక్కడే. పిల్లలు గునుగు పువ్వు కోసుకొచ్చేది ఆ జాగ అంచుల్లోనే. రోడ్డు మీద ఆడితే బండ్ల మధ్య ఏం ఆడతాం?

కిరాయి ఇల్లు:
టీచర్ సార్, మీరు చెప్పిన 9 మీటర్ల లెక్కే పట్టుకుందాం. మూడో గల్లీలో చివరి వరస ఇళ్ల వెనక గోడలు ఆ జాగకు ఆనుకునే ఉన్నాయి. అది కుంటైతే ఆ ఇళ్ల సంగతి ఏంటి? చట్టం రాబోయే వాళ్లకేనా, వచ్చి ఉన్నవాళ్లకు కాదా?

మూడో గల్లీ:
నా ఇంటి మీదికి ఎందుకు వస్తున్నావమ్మా? నేను కబ్జా చేయలేదు. రిజిస్ట్రేషన్ ఉంది. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లను రెగ్యులరైజ్ చేసే ఎల్ఆర్ఎస్‌కు 2020లో పెట్టుకున్నాను, ఛార్జీలు కట్టాను. ఇల్లు కూడా కట్టనివాళ్లు ఇల్లు కట్టినవాళ్లను నిలదీయడమేంటి?

కిరాయి ఇల్లు:
ఇల్లు కట్టనివాళ్లకు నోరు ఉండొద్దా అన్నా? ఆ ఎల్ఆర్ఎస్ కాగితమే తీసి చూడండి. ఓపెన్ స్పేస్ ఛార్జీ అని ప్లాటు విలువలో 14 శాతం ఉంటుంది. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ జాగ వదలకపోతేనే అది వేస్తారు. మీ కాలనీ తన పార్కును ప్లాట్లుగా అమ్ముకుని, ఇప్పుడు సర్కారు జాగను తన పార్కు అంటోంది. నాకు కోపం అందుకే.

మూడో గల్లీ:
అమ్ముకున్నది మేం కాదు. మాకు ప్లాటు అమ్మినవాడు మ్యాప్‌లో పార్కు చూపించాడు, తర్వాత అదే జాగలో 8 ప్లాట్లు చేసి అమ్మి వెళ్లిపోయాడు. మోసపోయింది మేం, 14 శాతం కట్టిందీ మేమే. నువ్వు అడిగావు కాబట్టి ఉన్నది చెప్తున్నా: లోన్ ఇంకా 9 ఏళ్లుంది. వెనక నాలుగు అంతస్తులు లేస్తే గజం రేటు పడుతుందని రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు. నా దగ్గర ఉన్నదల్లా ఆ ఇల్లే.

బోరు ఎండింది:
ఆ టెన్షన్ మా గల్లీలో కూడా ఉంది. ఎవరూ పైకి అనలేదు అంతే.

తంగేడు పువ్వు:
తమ్ముడూ, ఆ బ్లాకుల్లోకి వచ్చే ఆడవాళ్లు కూడా బతుకమ్మ ఆడేవాళ్లే కదా. మొత్తం 90 గుంటలు. నీళ్లు నిలిచే పల్లం వైపు ఎకరం వదిలి, మిట్టనున్న 50 గుంటల్లో కట్టమని అడిగితే?

రిటైర్డ్ టీచర్:
నక్ష చూడకుండా నేను ఒక్క గుంటకు కూడా ఒప్పుకోను.

మూడో గల్లీ:
ఎకరం వదులుతామని కాగితం మీద రాసిస్తే ఆలోచిస్తా. నోటి మాట నమ్మను, ఒకసారి నమ్మి చూశాను.

కిరాయి ఇల్లు:
నాకూ అభ్యంతరం లేదక్కా, మా పిల్లలకు కూడా ఆడుకునే చోటు కావాలి. ఒక్కటే అడుగుతున్నా. ఆ ఎకరం చుట్టూ గోడ కట్టి గేటు పెడతారా? తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

మూడో గల్లీ:
గేటు సంగతి కాలనీ మీటింగ్‌లో తేల్చాలి.

కిరాయి ఇల్లు:
ఈ కాలనీలో మూడేళ్ల నుంచి ఉంటున్నా అన్నా. మీటింగ్‌కు కిరాయి వాళ్లను ఒక్కసారి కూడా పిలవలేదు.

తంగేడు పువ్వు:
ఆదివారం పొద్దున పది గంటలకు మీటింగ్. నేను పిలుస్తున్నా, నాన్నను కూడా తీసుకురా. కుర్చీ మా ఇంటి నుంచి తెస్తా.