మొగల్రాజపురంలో హాట్ యోగా చేరాను, చేసినవాళ్లు చెప్పండి

కొండగుహల_వీధి: మా దగ్గర్లో స్టూడియోలో చేరి పన్నెండు రోజులైంది. గది 40 డిగ్రీలు, 26 ఆసనాలు, గంటన్నర. క్లాసుకి ముందు ఏం తినాలి? మ్యాట్ మీద కాళ్లు జారిపోతున్నాయి, ఏం చేయాలి? నాన్నగారు బీపీ మాత్రలు వాడతారు, ఆయనా వస్తానంటున్నారు, తీసుకెళ్లొచ్చా? చెమట తుడుచుకోవద్దని ట్రైనర్ అంటున్నారు, అదేమో కళ్లలోకి కారి ఒకటే మంట.

పటమట_అత్త: తిండి గురించి నన్నడుగు నాయనా. మొదటిరోజు ఉప్మా పెసరట్లు రెండు లాగించి వెళ్లాను. ఉష్ట్రాసనంలో వెనక్కి వంగేసరికి రెండూ గొంతులోకొచ్చాయి. తలుపు వైపు పరిగెడుతూ ఒక పెద్దాయన కాలు తొక్కాను, ఇప్పటికీ రైతు బజార్లో నన్ను చూస్తే ఆయన పక్కకి జరుగుతారు.

బందరురోడ్డు_బాబాయ్: బెజవాడలో ఉంటూ డబ్బులిచ్చి చెమట పట్టించుకోవడం ఏంటి సామీ? రోహిణి కార్తెలో మా డాబా మీదకి మధ్యాహ్నం రెండింటికి రండి, ఫీజు లేదు.

అరండల్‌పేట_4వలైన్: గుంటూరు మిర్చి యార్డుకి రండి, ఆ కళ్ల మంట కూడా ఫ్రీ.

సాధన_22ఏళ్లు: ఎగతాళి తర్వాత. ఇరవై రెండేళ్లుగా నేర్పుతున్నాను, చెమట తుడవకూడదు. హఠయోగ ప్రదీపిక అనే పాత యోగా గ్రంథంలోనే ఉంది, శ్రమతో పుట్టిన చెమటని ఒంటికే మర్దనా చేసుకోవాలని, దానివల్ల ఒంటికి గట్టిదనం, తేలికదనం వస్తాయని. టవలు పట్టుకొచ్చేవాళ్లు యోగాకి రాలేదు, ఈతకొచ్చారు.

బ్రాడీపేట_లెక్చరర్: మాస్టారూ, ఆ మాట రెండో ఉపదేశంలో, అంటే రెండో అధ్యాయంలో, ప్రాణాయామం చెప్పేచోట ఉంది. శ్వాస సాధన శ్రమతో పట్టే చెమట అది. గోడకి హీటరు పెట్టి కార్పించిన చెమటకి ఆ శ్లోకం అంటగడితే ఎలా?

సాధన_22ఏళ్లు: పుస్తకం చదివినవాళ్లకీ చేసినవాళ్లకీ తేడా ఉంటుంది.

బ్రాడీపేట_లెక్చరర్: చేసే చదివాను. అసలు ఈ 26 ఆసనాల వరుస ఏ ప్రాచీన గ్రంథంలోనూ లేదు. కోల్‌కతాలో పుట్టిన బిక్రమ్ చౌదరి అమెరికా వెళ్లి వ్యాపారం చేసినది. ఆ వరుస తనదేనని కాపీరైట్ కోసం కోర్టుకెక్కితే, 2015లో అక్కడి అప్పీల్స్ కోర్టు కుదరదంది. మీరేమో ఋషులు హీటర్లు పెట్టుకున్నట్టు మాట్లాడుతున్నారు.

సాధన_22ఏళ్లు: ఋషుల్ని లాగొద్దు. ముందు మర్యాద నేర్చుకోండి.

ఫిజిక్స్_ట్యూషన్: ఇద్దరూ ఆగండి. చెమట ఒంటిమీద ఆరితేనే చల్లబడతాం, ఆరకముందే తుడిచేస్తే ఆ లాభం పోతుంది. అంతవరకు మాస్టారు రైటు. కానీ బొట్లుబొట్లుగా కారి మ్యాట్ మీద పడేది ఎటూ ఒంటిని చల్లబరచదు, దాన్ని తుడిస్తే నష్టం లేదు. గదిలో తేమ పెంచేకొద్దీ ఆరేది తగ్గి కారేది పెరుగుతుంది. కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లకి ఇది కూడా నేను చెప్పాలా?

లబ్బీపేట_కోడలు: నేను మొదటి క్లాసులోనే కిలో తగ్గాను!! ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. ఇంటికొచ్చి ఉప్పేసిన మజ్జిగ రెండు గ్లాసులు, నీళ్లు ఓ సీసా తాగాక మళ్లీ ఎక్కితే మిషన్ పాత అంకె చూపించింది. ఆ ఫొటో మాత్రం ఇంకా తీయలేదు.

బందరురోడ్డు_బాబాయ్: ఆ మజ్జిగేదో డాబా మీదకి తెచ్చుకోండమ్మా.

నైట్‌డ్యూటీ_సిస్టర్: టవలు మీద ఇంత యుద్ధం చేశారు, ఆ అబ్బాయి నాన్నగారి సంగతి ఒక్కరికీ పట్టలేదు. వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, బీపీ పడిపోతుంది. దానికి తోడు ఆయన వాడేది మూత్రం ఎక్కువ పోయించే రకం మాత్ర అయితే ఒంట్లో నీళ్లు, ఉప్పు ఇంకా తగ్గుతాయి. వంగి లేచినప్పుడు కళ్లు తిరిగి పడితే ఆ వయసులో తుంటి విరుగుతుంది. మాత్ర రాసిన డాక్టర్ని అడగకుండా ఆ గది గడప తొక్కనివ్వకు. ముచ్చట పడితే మామూలు యోగా, ఫ్యాను కింద చేయమను.

కొండగుహల_వీధి: థాంక్స్ సిస్టర్, నాన్నగారికి చదివి వినిపించాను, అలిగి పడుకున్నారు. మరి ఆ మ్యాట్ జారడం సంగతి ఎవరైనా చెప్పండి.

పటమట_అత్త: మ్యాట్ మీద టవలు పరుచుకో, అంతే.

సాధన_22ఏళ్లు: మళ్లీ టవలు!