ఫైర్ స్టిక్ టీవీకి పెట్టాలా, రిసీవర్‌కి పెట్టాలా?

గోదారి_గట్టు:
అందరికీ నమస్కారం అండి, మాది రాజమండ్రి. 2012లో కొన్న 5.1 రిసీవర్ (ఐదు స్పీకర్లు, ఒక బేస్ స్పీకర్‌కి సౌండ్ పంచే పెట్టె) ఉంది, స్పీకర్లు ఇప్పటికీ బ్రహ్మాండంగా మోగుతున్నాయి కాబట్టి పారేయబుద్ధి కాదు. మొన్న దసరాకి 55 అంగుళాల 4కే టీవీ, ఫైర్ టీవీ స్టిక్ 4కే (నెట్‌లో సినిమాలు టీవీలో చూపించేది) తీసుకున్నాం. స్టిక్ టీవీ వెనకాల పెట్టి, టీవీలో ఆర్క్ (టీవీ సౌండ్‌ని రిసీవర్‌కి పంపేది) అని రాసున్న దాంట్లోంచి రిసీవర్‌కి ఒక హెచ్‌డీఎంఐ వైరు లాగాను. సౌండ్ వస్తోంది గానీ వెనక రెండు స్పీకర్లు మూగనోము పట్టాయి, రిసీవర్ మీద పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ సౌండ్ అట) అని చూపిస్తోంది. షాపతనేమో స్టిక్ టీవీకే పెట్టాలంటాడు, మా బావమరిదేమో రిసీవర్‌కే పెట్టాలి, టీవీకి పెట్టడం తెలీనోళ్ల పని అంటాడు. ఏది కరెక్టండి?

సౌండ్_పిచ్చోడు:
మీ బావమరిది కరెక్ట్. రిసీవర్ ఉన్నదే అందుకు కదా బాస్. టీవీని మధ్యలో పెడితే స్టిక్ పంపిన సౌండ్‌ని అది దానికి నచ్చినట్టు కోసేసి మిగిలింది పంపుద్ది, ఇప్పుడు మీకు జరుగుతోంది అదే. నా దగ్గర సెట్‌టాప్ బాక్స్, గేమ్ కన్సోల్, స్టిక్ అన్నీ రిసీవర్‌కే, టీవీకి వెళ్లేది ఒక్కటే వైరు. గోడ మీద కూడా నీట్‌గా ఉంటది.

వరంగల్_వాలా:
అన్నా జర ఆగు. 2012 రిసీవర్ అని రాసిండు, సదివినవా? హెచ్‌డీఎంఐ 2.0 అచ్చిందే 2013ల, గప్పటి రిసీవర్ల హెచ్‌డీసీపీ 2.2 (4కే బొమ్మను కాపీ కొట్టకుండ పెట్టే తాళం) ఏడికెళ్లి వస్తది? స్టిక్ అండ్ల పెడితే 4కే రాదు, 1080పీకి దిగుతది, నసీబు మంచిగ లేకపోతే నల్ల తెరనే. హెచ్‌డీఆర్, డాల్బీ విజన్ లాంటి వెలుగు, రంగుల హంగులన్నీ గాయబ్. గంత పెద్ద కొత్త టీవీ కొనుక్కొని పాత బొమ్మ చూసుడేంది?

సౌండ్_పిచ్చోడు:
సరే, సంవత్సరం చూళ్లేదు, ఒప్పుకుంటా. అయినా పది అడుగుల దూరంలో సోఫాలో కూర్చుని 55 అంగుళాల్లో 4కే, 1080పీ తేడా ఎంతమంది పట్టగలరు చెప్పండి? వెనక స్పీకర్లు మోగకపోతే మా బామ్మ కూడా పట్టేస్తది.

ఇద్దరు_పిల్లల_తల్లి:
మీరు బొమ్మ, సౌండ్ అని కొట్టుకుంటున్నారు గానీ ఇంట్లో ఆ రిమోట్లు వాడేవాళ్ల సంగతి ఎవరూ అడగరేం? మా ఆయన ఇలాగే అన్నీ రిసీవర్‌కి పెట్టేశారు. పొద్దున్నే మా అత్తయ్యగారు సుప్రభాతం వినాలంటే టీవీ ఆన్ చెయ్యాలి, రిసీవర్ ఆన్ చెయ్యాలి, ఇన్‌పుట్ మార్చాలి. ఆ రిమోట్ మీద యాభై బటన్లు, ఆవిడ కోసం ఒక బటన్ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను. అయినా పొయ్యి మీద పోపు వదిలేసి నేనే పరిగెత్తాలి. స్టిక్, సెట్‌టాప్ బాక్స్ టీవీకే ఉంటే రిసీవర్ ముట్టుకోకుండా టీవీ స్పీకర్లోంచే వస్తుంది కదా, వార్తలకి, సీరియళ్లకి సరౌండ్ ఎందుకండీ బాబూ.

సౌండ్_పిచ్చోడు:
అక్కా, స్టాండ్‌బై పాస్‌త్రూ అని రిసీవర్ మెనూలో ఉంటది, అది ఆన్ చేస్తే రిసీవర్ ఆపేసున్నా బొమ్మా సౌండూ టీవీకి వెళ్తాయి.

ఇద్దరు_పిల్లల_తల్లి:
చేశారు తమ్ముడూ, అదీ చేశారు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మా రిసీవర్ ఏ ఇన్‌పుట్‌లో ఉందో మర్చిపోతుంది, మళ్లీ మొదటికే.

డల్లాస్_బాబాయ్:
నేను రిసీవర్ పార్టీయే, కానీ కారణం వేరు. మా ఇంట్లో యాపిల్ టీవీ 4కే. అది ఫైర్ స్టిక్‌లా డాల్బీ సౌండ్‌ని ఉన్నదున్నట్టు పంపదు, లోపలే విప్పేసి మల్టీచానెల్ పీసీఎం చేసి పంపుతుంది, అట్మాస్ (పైనుంచి కూడా వినిపించే డాల్బీ సౌండ్) అయినా అంతే. మామూలు ఆర్క్‌లో పీసీఎం అంటే రెండు చానెళ్లే పడతాయి, ఈఆర్క్ (ఆర్క్‌లోనే కొత్త రకం) ఉంటేనే మొత్తం వెళ్తుంది. మా టీవీ పాతది, ఈఆర్క్ లేదు, అందుకని డైరెక్ట్‌గా రిసీవర్‌కి పెట్టాను. సెట్టింగ్స్‌లో డాల్బీ డిజిటల్ 5.1కి మార్చుకునే దారి ఉంది గానీ అట్మాస్ పోతుంది. ఫైర్ స్టిక్ వాళ్లకి ఈ గొడవ లేదు. నెట్‌ఫ్లిక్స్ అట్మాస్ వచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్‌లో, మహా అయితే 768 కేబీపీఎస్, అది చాలావరకు మామూలు ఆర్క్‌లోనే వెళ్లిపోతుంది. ట్రూహెచ్‌డీ (నాణ్యత ఏమీ తగ్గని డాల్బీ సౌండ్) కావాలంటేనే ఈఆర్క్, అది బ్లూరే డిస్కుల వాళ్ల బాధ. ఆప్టికల్ వైరు మాత్రం పెట్టకండి, దాంట్లో డాల్బీ డిజిటల్ 5.1 దాకానే, ప్లస్ వెళ్లదు.

వరంగల్_వాలా:
గోదారి అన్నా, వైర్లేం మార్చకు. రిసీవర్ పీసీఎం అని సూపెడుతున్నదంటే టీవీనే స్టీరియో పంపుతున్నట్టు. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌ల డిజిటల్ అవుట్‌పుట్ అని ఉంటది, పీసీఎం తీసి పాస్‌త్రూ (అచ్చిన సౌండ్ అట్లనే పంపుడు) పెట్టి సూడు. దాంతోని సౌండే బంద్ అయితే డాల్బీ డిజిటల్ పెట్టు, పాత రిసీవర్లు ఆర్క్‌ల ప్లస్ తీసుకోవు ఒక్కోసారి. స్టిక్‌ల సరౌండ్ సౌండ్ 'బెస్ట్ అవైలబుల్' మీద ఉండాలె. సీఈసీ (హెచ్‌డీఎంఐ వైరుతోనే టీవీ, రిసీవర్ ఒకదాన్నొకటి నడిపే సౌలత్) కూడా ఆన్ ఉండాలె, దానికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, ఎల్‌జీల సింప్లింక్, శాంసంగ్‌ల ఎనీనెట్ ప్లస్, సోనీల బ్రావియా సింక్. ఇంకోటి, స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇస్తున్నవా? డబ్బాల అచ్చిన అడాప్టర్ పెట్టు, లేకపోతే మధ్యమధ్యల రీస్టార్ట్ అయితది.

గోదారి_గట్టు:
అన్నయ్యా మీకు పుణ్యముంటుంది! పాస్‌త్రూ పెడితే నిజంగానే సౌండ్ మొత్తం పోయింది, గుండె ఆగినంత పనైంది, డాల్బీ డిజిటల్ పెట్టగానే రిసీవర్ మీద పీసీఎం పోయి డాల్బీ అక్షరాలు వెలిగాయి. ఒక సినిమాలో వాన సీను పెట్టాను, వెనక నుంచి చినుకుల చప్పుడు వస్తుంటే మా ఆవిడ డాబా మీద బట్టలున్నాయని లేచి వెళ్లిపోయింది. కానీ పాత సినిమా పెడితే మళ్లీ వెనక స్పీకర్లు గప్‌చుప్, ఇదేమిటండి?

డల్లాస్_బాబాయ్:
ఆ సినిమా యాప్‌లో స్టీరియోలోనే ఉండుంటుంది. పేరు కింద 5.1 అనో అట్మాస్ అనో గుర్తుందేమో చూడండి. లేకపోతే మీరు రిసీవర్‌కి పెట్టినా, టీవీకి పెట్టినా రెండు చానెళ్లే.

సౌండ్_పిచ్చోడు:
రిసీవర్ మార్చిన రోజు నా దారికే వస్తారు చూడండి.

గోదారి_గట్టు:
ఇది చెడిపోయినప్పుడు చూద్దాం లెండి. ఆదివారం మా బావమరిది వస్తున్నాడు, వైర్లు ఎలా ఉన్నాయో చెప్పకుండా ముందు ఆ వాన సీను వినిపిస్తాను.